సోవియట్ మోసిన్ స్నైపర్ రైఫిల్ కొనేముందు ఎడమ పక్క చూడండి: సేకరణ మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

నేను కొన్న మొదటి స్నైపర్ రైఫిల్ బ్యారెల్ మీద 1938 అని ముద్ర ఉంది. ఇది రెండో ప్రపంచ యుద్ధంలో స్టాలిన్‌గ్రాడ్ పోరు చూసిన తుపాకి అని అమ్మినాయన చెప్పాడు. నేను నమ్మి, అడిగినంతా ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నాను. అది మామూలు సిపాయి రైఫిల్ అని తెలిసేసరికి రెండు నెలలు పట్టింది. ఎవరో దాని పక్కన రంధ్రాలు తొలిచి, కొత్తగా చేసిన స్కోపు, అంటే గురి చూసే దుర్బిణీ, తగిలించారు. 1938లో తయారైన మోసిన్‌కి పీయూ అనే సోవియట్ స్కోపు కర్మాగారంలోనే బిగించి ఉండటానికి వీల్లేదన్న ఒక్క సంగతి ముందే తెలిసుంటే ఆ డబ్బు మిగిలేది. కొత్తగా ఈ దారిలోకి వచ్చే తెలుగువాళ్ళకి ఆ నష్టం రాకూడదని, పదేళ్ళలో నేర్చుకున్నది వరసగా రాస్తున్నాను. ఇదంతా అమెరికాలో ఉండేవాళ్ళ కోసం. ఇండియాలో ఉన్నవాళ్ళ సంగతి మొదటి మెట్టులోనే చెబుతాను.

ముందు ఈ తుపాకి పుట్టుక

రష్యన్ అధికారి సెర్గేయ్ మోసిన్, బెల్జియం తుపాకుల తయారీదారు లియోన్ నాగాన్ ఆలోచనలు కలిసి 1891లో రష్యా సైన్యానికి ఈ రైఫిల్ వచ్చింది. 1930లో సోవియట్లు దాన్ని సవరించారు. ఆ రూపాన్నే సేకరించేవాళ్ళు "తొంభై ఒకటి ముప్పై" అంటారు. పొడవు 1,232 మిల్లీమీటర్లు, అంటే నాలుగడుగుల పైమాట. తూటా 7.62 × 54 ఆర్, మ్యాగజీన్‌లో అయిదు పడతాయి.

1930ల మొదట్లో ఎంపిక చేసిన రైఫిళ్ళకి నాలుగు రెట్లు పెద్దగా చూపించే పీఈ స్కోపులు బిగించారు. తరువాత దాన్నే కొంచెం మార్చి పీఈఎమ్ చేశారు. ఇంతలో ఎస్‌వీటీ 40 అనే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ వచ్చింది. దానికోసం 1940లో చిన్నదీ తేలికదీ అయిన పీయూ స్కోపు తయారైంది. స్నైపర్ పనికి కావలసిన గురి ఎస్‌వీటీలో కుదరలేదు. దాంతో 1942లో మళ్ళీ మోసిన్ వైపే తిరిగి, అదే పీయూ స్కోపుని కొచెతోవ్ రూపొందించిన పక్క మౌంటుతో, అంటే స్కోపుని తుపాకి పక్కన పట్టి ఉంచే బిగింపుతో, దానికి బిగించారు. మనం ఎక్కువగా చూసేదీ, కొనగలిగేదీ ఈ పీయూ మోసినే.

ఇజెవ్స్క్ కర్మాగారం వీటిని 1942 నుంచి పెద్ద సంఖ్యలో చేసింది. తులా కర్మాగారం 1943, 1944లో మాత్రమే చేసింది, అవి చాలా తక్కువ. స్టాలిన్‌గ్రాడ్‌లో 1942 నవంబర్ 10 నుంచి డిసెంబర్ 17 మధ్య 225 మందిని కొట్టినట్టు సోవియట్ లెక్కల్లో ఉన్న వసీలీ జైత్సెవ్ చేతిలో ఉన్నది మోసినే. ఆ రైఫిల్ ఇప్పుడు వోల్గోగ్రాడ్ (స్టాలిన్‌గ్రాడ్ ఇప్పటి పేరు) మ్యూజియంలో ఉంది. ఒదెస్సా, సెవాస్టోపోల్ పోరాటాల్లో 309 మందిని కొట్టినట్టు లెక్క ఉన్న ల్యూద్మిలా పావ్లిచెంకో 1942లో అమెరికా వచ్చింది, వైట్‌హౌస్‌కి కూడా వెళ్ళింది. వీళ్ళ పేర్లు చెప్పి ధర పెంచేవాళ్ళు చాలామంది ఉంటారు. అసలు కథ మీ చేతిలో ఉన్న ఇనుము మీద ఎంత రాసి ఉందో అంతే. మిగతాదానికి పైసా ఎక్కువ ఇవ్వకండి.

యుద్ధం అయ్యాక సోవియట్లు ఈ రైఫిళ్ళని డిపోలకి తెచ్చి, విడదీసి, అరిగినవి మార్చి, కొత్త నంబర్లు కొట్టి, చెక్కకి ఎర్రటి లక్క పూసి, గట్టి గ్రీజు పట్టించి దాచారు. సేకరించేవాళ్ళ మాటల్లో అది "రీఫర్బ్". యూనియన్ కూలిపోయాక రష్యా, ఉక్రెయిన్ గోదాముల నుంచి ఆ పెట్టెలు అమెరికా చేరాయి. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. 2021 సెప్టెంబర్ నుంచి రష్యా తుపాకులకీ తూటాలకీ కొత్త దిగుమతి అనుమతులు అమెరికా ఆపేసింది. ఇక్కడ ఉన్న సరుకే చేతులు మారుతోంది. ఒకప్పుడు కొన్ని వందల డాలర్లకి దొరికిన పీయూ ఇప్పుడు వెయ్యి దాటకుండా కనిపించడం అరుదు. ధర పెరిగినకొద్దీ నకిలీ చేసేవాళ్ళకీ గిట్టుబాటు అయింది.

మొదటి మెట్టు: మీకు కొనే హక్కు ఉందా?

ఈ భాగాన్ని దాటవేయకండి. హెచ్1బీ, ఎఫ్1, ఎల్1, హెచ్4, బీ2 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకిగానీ తూటాలుగానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో ఇమిగ్రేషన్ లాయరుని అడగకుండా ముందుకెళ్ళకండి. పదేళ్ళుగా ఇక్కడే ఉన్నాం, పన్నులు కడుతున్నాం, ఇల్లు కొన్నాం అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. స్నేహితుడి తుపాకిని కాసేపు చేతిలోకి తీసుకోవడం, షూటింగ్ రేంజికి వెళ్ళి అద్దెకు తీసుకోవడం కూడా మీ దగ్గర ఉన్నట్టే లెక్క. సరదాగా దిగిన ఒక్క ఫోటో గ్రీన్‌కార్డు దరఖాస్తుకి అడ్డం పడవచ్చు.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళూ, పౌరులూ, ఇతర అనర్హతలు లేకపోతే కొనవచ్చు. ఇంట్లో ఒక జాగ్రత్త కావాలి. వేసవిలో అమ్మానాన్నలో అత్తమామలో విజిటర్ వీసా మీద వస్తారు. వాళ్ళున్నన్నాళ్ళూ తుపాకి సేఫులో తాళం వేసి ఉండాలి, ఆ తాళం వాళ్ళకి అందకూడదు. "ఏదీ, నాన్నా, ఒకసారి చూడనివ్వు" అని పెద్దాయన ఎంత ముచ్చటపడినా చేతికివ్వకండి.

మామూలుగా కొనే పద్ధతి ఇది: లైసెన్స్ ఉన్న డీలరు దగ్గర 4473 ఫారం నింపాలి, నేపథ్య తనిఖీ దాటాలి. వేరే రాష్ట్రంలో ఉన్న వ్యక్తి దగ్గర కొంటే రైఫిల్ మీ ఊరి డీలరుకి రావాలి, అక్కడ ఫారం నింపి తీసుకోవాలి.

సేకరణ మీద నిజంగా ఆసక్తి ఉంటే "క్యూరియో అండ్ రెలిక్", అంటే పాత తుపాకుల సేకరణ లైసెన్స్ తీసుకోండి. 21 ఏళ్ళు నిండాలి, మూడేళ్ళకి రుసుము 30 డాలర్లు. 50 ఏళ్ళు దాటిన, మొదటి సైనిక రూపంలోనే ఉన్న తుపాకుల్ని ఇతర రాష్ట్రాల నుంచి కూడా నేరుగా ఇంటికి తెప్పించుకోవచ్చు. బదులుగా ఒక రిజిస్టరు రాయాలి: ఏది ఎప్పుడు ఎవరి దగ్గర కొన్నారు, ఎప్పుడు ఎవరికి ఇచ్చారు. ఇది సొంత సేకరణకే. కొని అమ్మే వ్యాపారానికి పనికిరాదు. బ్యారెల్ కోసి, చెక్క మార్చి వేట తుపాకిగా చేసినదానికీ వర్తించదు.

రాష్ట్రాల చట్టాలు వేరే. న్యూజెర్సీలో కొనుగోలుదారు గుర్తింపు కార్డు ఉండాలి, ఇలినాయ్‌లో ఫాయిడ్ కార్డు, అంటే తుపాకి యజమాని గుర్తింపు కార్డు, ఉండాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్‌లకి సొంత షరతులు ఉన్నాయి. టెక్సస్‌లో ఉన్న బావగారు చెప్పిన పద్ధతి న్యూజెర్సీ ఎడిసన్‌లో పనిచేయదు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి సూటిగా: ఈ రైఫిల్ తెప్పించుకునే దారి లేదు. ఆయుధాల చట్టం 1959 కింద ఇలాంటి సైనిక క్యాలిబర్ మామూలు పౌరుడికి నిషిద్ధం. తుపాకి విడిభాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి కాబట్టి బోల్టో (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) బ్యారెలో సూట్‌కేసులో తేవాలనుకోవద్దు. చరిత్ర మీద ఇష్టం ఉంటే దానికి ఇక్కడే ఒక ముడి ఉంది. మోసిన్ తరువాత 1963లో సోవియట్ సైన్యం తీసుకున్న ద్రగునోవ్ స్నైపర్ రైఫిల్‌ని భారత సైన్యం దశాబ్దాలుగా వాడింది. అదీ ఇదే 7.62 × 54 ఆర్ తూటా పేల్చేది.

రెండో మెట్టు: ఏ రకం కొంటున్నారో పేరు పెట్టండి

"ఒరిజినల్ స్నైపర్" అన్న మాట కింద బజారులో అయిదు రకాలు అమ్ముడవుతాయి. వాటి ధరల మధ్య ఏనుగుకీ ఎలుకకీ ఉన్నంత తేడా ఉంటుంది.

రీఫర్బ్ కాకుండా, కర్మాగారం నుంచి వచ్చిన నంబర్లతోనే మిగిలినది అన్నిటికన్నా అరుదు. కొరియా, వియత్నాం యుద్ధాల నుంచి సైనికులు తెచ్చుకున్నవి ఈ కోవలో కొన్ని ఉంటాయి. వియత్నాం నుంచి తెచ్చినదానికి అప్పటి యుద్ధ జ్ఞాపక పత్రం, అంటే డీడీ 603-1 ఫారం, తోడుంటే విలువ పెరుగుతుంది. అయితే ఆ కాగితం మీద ఉన్న నంబరూ రైఫిల్ మీద నంబరూ ఒకటే కావాలి. కాగితం ఒకదానిదీ తుపాకి ఇంకొకదానిదీ కలిపి అమ్మడం నేను రెండుసార్లు చూశాను.

తరువాతది రీఫర్బ్ అయినా స్నైపర్‌గానే మిగిలినది. మనబోటి వాళ్ళు వెతకవలసింది ఇదే. నంబర్లు డిపోలో మళ్ళీ కొట్టినవి కావచ్చు, స్కోపు వేరే రైఫిల్ నుంచి వచ్చి ఉండవచ్చు. అయినా అది సోవియట్ సైన్యం స్నైపర్‌గా చేసి, స్నైపర్‌గా దాచిన తుపాకి. అన్ని నంబర్లూ కర్మాగారంలోనే కలిసినవి కావాలని పట్టుబడితే వచ్చే పదేళ్ళలో ఒక్కటీ కొనలేరు.

మూడోది "ఎక్స్ స్నైపర్". పుట్టుకతో స్నైపరే, కానీ యుద్ధం తరువాత డిపోలో స్కోపు తీసేసి, పక్క రంధ్రాలు పూడ్చి, వంపు బోల్టు పిడి మార్చి తిన్నటిది పెట్టి సిపాయి రైఫిల్‌గా దించారు. వీటిని తక్కువగా చూసేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇష్టం. పూడ్చిన రంధ్రాలు ఆ తుపాకి చరిత్రని దాచకుండా చెబుతాయి, ధరా అందుబాటులో ఉంటుంది. మొదటి కొనుగోలు ఇదే చేయమని నా సలహా.

నాలుగోది ఎక్స్ స్నైపర్‌ని ఇక్కడి వాళ్ళు మళ్ళీ తొలిచి కొత్త మౌంటుతో స్నైపర్‌గా మార్చినది. అమ్మేవాడు ఆ మాట చెప్పి, దానికి తగ్గ ధర అడిగితే తప్పేమీ లేదు. అయిదోది నేను మొదట కొన్నది: మామూలు రైఫిల్‌కి వేషం వేసినది.

మూడో మెట్టు: సంవత్సరం, కర్మాగారం ముద్ర

రిసీవర్ (బోల్టు కదిలే ఇనుప భాగం) ముందు, బ్యారెల్ మొదట్లో పై భాగాన ముద్రలు ఉంటాయి. త్రిభుజంలో బాణం ఉంటే ఇజెవ్స్క్, నక్షత్రంలో బాణం ఉంటే తులా. దాని దగ్గరే సంవత్సరం, పక్కన సిరిలిక్, అంటే రష్యన్ లిపి, అక్షరం ఒకటి.

పీయూ మోసిన్ అని చెప్పి 1942కి ముందు సంవత్సరం చూపిస్తే మొదట అనుమానించండి. తులా ముద్రతో 1942 ఉంటే కూడా అంతే. ఆ కర్మాగారం 1941 శరదృతువులో జర్మన్లు దగ్గరకొచ్చినప్పుడు తూర్పుకి తరలిపోయింది. అక్కడ పీయూ స్నైపర్ల పని 1943లోగానీ మొదలవలేదు. తులా స్నైపర్ల బ్యారెల్ మొదట్లో "స్నైపర్" అన్న మాటకి గుర్తుగా సిరిలిక్ ఎస్, ఎన్ అక్షరాలు కలిసిన ముద్ర ఉంటుంది. ఇజెవ్స్క్ వాటికి ఆ ముద్ర లేదు. కానీ చాలావాటిలో మొదట బిగించిన స్కోపు నంబరు బ్యారెల్ మొదటి భాగం మీదే కొట్టి ఉంటుంది. రీఫర్బ్‌లో స్కోపు మారితే ఆ పాత నంబరు మీద గీత గీసేశారు. గీత పడిన ఆ నంబరు కనిపిస్తే సంతోషించండి. మామూలు రైఫిల్‌కి స్కోపు నంబరు కొట్టవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

దీర్ఘచతురస్రంలో ఏటవాలు గీత ఉన్న చిన్న ముద్ర రీఫర్బ్ గుర్తు. బ్యారెల్ మీదో రిసీవర్ మీదో సన్నగా చెక్కిన ఇంగ్లీషు అక్షరాలు దిగుమతిదారు ముద్ర. అది చట్టం కోరినది, లోపం కాదు. అది లేని రైఫిల్‌కి ధర ఎక్కువ. అందుకే అక్కడ అరగదీసి పాలిష్ చేసిన జాడ ఉందేమో వేలితో తడిమి చూడండి.

నాలుగో మెట్టు: ఎడమ పక్క గోడ

నన్ను అడిగితే మొత్తం తనిఖీలో సగం సమయం ఇక్కడే పెట్టాలి. స్కోపు ఎంత మెరుస్తున్నా, లక్క ఎంత అందంగా ఉన్నా, నిజం ఉండేది రిసీవర్ ఎడమ గోడలో. స్కోపు మార్చవచ్చు, చెక్క మార్చవచ్చు, బోల్టు మార్చవచ్చు. ఆ గోడలో తొలిచిన రంధ్రాన్ని తొలవనట్టు చేయడం మాత్రం ఎవరివల్లా కాదు.

పీయూ మౌంటు కింది భాగాన్ని, అంటే బేసుని, రెండు పెద్ద మరలు పట్టి ఉంచుతాయి. అవి వదులు కాకుండా పక్కన చిన్న మరలు ఉంటాయి. బేసు కదలకుండా రెండు పిన్నులు కూడా దిగుతాయి. వేషం వేసేవాళ్ళు తరచుగా పిన్నుల జోలికి పోరు, మరలతోనే సరిపెడతారు. అమ్మేవాళ్ళని మూడు ఫోటోలు అడగండి. ఒకటి స్కోపు మౌంటు తీసేసి బేసు మాత్రమే కనిపించేలా. రెండోది రైఫిల్ పైనుంచి, బేసుకీ రిసీవర్‌కీ మధ్య సందు కనిపించేలా. మూడోది బోల్టు తీసి, రిసీవర్ లోపలి ఎడమ గోడ మీద వెలుతురు పడేలా. ఈ మూడో ఫోటో ఇవ్వడానికి ఎవరైనా వెనకాడితే ఆ బేరం అక్కడితో వదిలేయండి.

లోపలి గోడ చూస్తున్నప్పుడు ఏం వెతకాలి? కర్మాగారంలో తొలిచినవి శుభ్రంగా ఉంటాయి. అంచుల మీద బ్లూయింగ్, అంటే ఇనుముకి తుప్పు పట్టకుండా ఇచ్చే నల్లటి పూత, చుట్టుపక్కల లోహంతో సమానంగా పాతబడి ఉంటుంది. మెరిసే కొత్త లోహం, మర చివర బయటికి పొడుచుకు రావడం, అంచున గరుకుగా లేచిన ఇనుప పొట్టు కనిపిస్తే ఆ రంధ్రం ఈమధ్యది. రంధ్రం చుట్టూ వేరే రంగులో ఇంకో వలయం కనిపిస్తే అది పూడ్చి మళ్ళీ తొలిచినది, అంటే నాలుగో రకం.

ఎక్స్ స్నైపర్ మీద బేసు ఉండదు. గోడ బయటి వైపు నాణెం ముద్ర వేసినట్టు గుండ్రటి జాడలు కనిపిస్తాయి. డిపోలో మర బిగించి, వెల్డింగ్ చేసి, సాన పెట్టిన గుర్తులవి. కొన్నిటిలో కళ్ళకి ఆనవు. రైఫిల్‌ని కిటికీ దగ్గర పెట్టి నెమ్మదిగా తిప్పితే, వాలు వెలుతురులో వెల్డింగ్ చేసిన చోట లోహం వేరుగా మెరుస్తుంది. మామూలు సిపాయి రైఫిల్ అని వెల కట్టిన తుపాకుల వరసలో ఇలా తిప్పి చూస్తూ వెళ్ళాను నేను. 1943 ఇజెవ్స్క్ ఒకటి అలాగే దొరికింది. ఆ రోజు ఇంటికి వస్తున్నంతసేపూ దారిలో రెండుసార్లు కారాపి డిక్కీ తెరిచి చూసుకున్నాను.

పీఈ, పీఈఎమ్‌ల విషయంలో చూడవలసిన చోటు మారుతుంది. పీఈ మౌంటు తొలి రకంలో రిసీవర్ పైన ఉండేది, పీఈఎమ్‌లది పక్కన. వీటికి ధర చాలా ఎక్కువ, నకిలీలూ చాలా ఎక్కువ. అయిదారు పీయూలు చేతులతో పరిశీలించే దాకా వాటి జోలికి పోవద్దు. ఎస్‌వీటీ 40 స్నైపర్ల సంగతీ అంతే.

అయిదో మెట్టు: బోల్టు, చెక్క

స్నైపర్ బోల్టు పిడి పొడవుగా, కిందికి వంగి ఉంటుంది. స్కోపు పైన ఉండగా తిన్నటి పిడి పైకి లేపితే తగులుతుంది కాబట్టి ఆ వంపు. అసలుది ఒకే ముక్కగా కొట్టి చేసినది. పిడి మొదట్లో అతుకు గీత కనిపిస్తే కోసి వెల్డ్ చేసినట్టే.

చెక్కకి ఎడమ పక్క బేసు కూర్చోవడానికి గాడి తీసి ఉంటుంది. డిపో లక్క ఆ గాడి లోపలికి కూడా పారి ఉంటుంది. గాడి లోపల పచ్చి చెక్క రంగు కనిపిస్తే ఎవరో ఇంట్లో ఉలితో తీసినది.

ఆరో మెట్టు: స్కోపు

పీయూ స్కోపు చాలా చిన్నది: 169 మిల్లీమీటర్లు, జానెడు కూడా రాదు. బరువు పావుకిలో పైచిలుకు. 3.5 రెట్లు పెద్దగా చూపిస్తుంది, నాలుగున్నర డిగ్రీల మేర కనిపిస్తుంది. లోపల సన్నటి దారాల గుర్తు ఉండదు. కింది నుంచి లేచిన మొన, రెండు పక్కల నుంచి వచ్చిన రెండు అడ్డ పట్టీలు ఉంటాయి. పైనున్న తిరుగుడు మీద దూరం అంకెలు 13 దాకా, అంటే 1,300 మీటర్ల దాకా ఉంటాయి.

కొత్తగా చేసిన నకళ్ళు బాగా పనిచేస్తాయి, అందుకే మోసం సులువు. యుద్ధకాలపు పీయూ అద్దాలకి చాలావరకు పూత లేదు. కిటికీ వెలుతురులో వాలుగా పట్టుకుంటే మామూలు గాజులా తెల్లగా మెరుస్తాయి. నేరేడు పండు ఛాయో పచ్చ ఛాయో కనిపిస్తే అది యుద్ధం తరువాతది, లేదా నకలు. యుద్ధం తరువాత పూతతో వచ్చిన అసలు సోవియట్ పీయూలు కూడా ఉన్నాయి. కాబట్టి ఈ ఒక్క పరీక్షతో నకిలీ అని తేల్చేయకండి, నంబరు తీరూ, కర్మాగారం ముద్రా కలిపి చూడండి. పాత ముద్ర లోహంలోకి దిగి, అంచులు అరిగి, గుంటలో దశాబ్దాల మురికి ఉంటుంది. అక్షరాలన్నీ ఒకే లోతులో, యంత్రం గీసినట్టు పదునుగా ఉంటే నిన్నమొన్నటివి.

లోపల బూజు ఉందేమో టార్చి వేసి చూడండి. సాలెగూడులా పాకి ఉంటే ధర తగ్గించమనండి. దాన్ని మీరే విప్పి శుభ్రం చేయాలనుకోకండి. అద్దం మళ్ళీ గురిలోకి రాదు, విలువ అక్కడే పోతుంది.

మౌంటు మీద రైఫిల్ నంబరు డిపోలో కొట్టి ఉంటుంది, లేదా కరెంటు పెన్సిలుతో గీసి ఉంటుంది. ఆ గీత వంకరగా ఉందని కంగారు పడకండి, సోవియట్ డిపోల చేతిరాత అలాగే ఉంటుంది.

ఏడో మెట్టు: బ్యారెల్ లోపల

ముందు బోల్టు తీసి, బ్యారెల్ వెనక తూటా కూర్చునే చాంబరులో తూటా లేదని కళ్ళతోనూ వేలితోనూ చూడండి. ఆ తరువాతే వెనక నుంచి వెలుతురు వేసి లోపల చూడాలి. లోపల కొంచెం నల్లగా ఉన్నా, తూటాని తిప్పే మెలికల గాడులు పదునుగా ఉంటే పరవాలేదు. మూతి దగ్గర అరిగిన బ్యారెళ్ళని డిపోలో కొంత లోపలికి తొలిచి సరిచేశారు. చూడటానికి గాడులు లేనట్టు కనిపిస్తుంది. అది డిపో పని, మోసం కాదు, కానీ ధరలో తగ్గింపు అడగవచ్చు.

కాల్చాలనుకుంటే ముందు తుపాకుల మెకానిక్ దగ్గర హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్టుకీ తూటాకీ మధ్య ఉండే సందు, కొలిపించండి. వేరు వేరు రైఫిళ్ళ బోల్టులు కలిసిన తుపాకుల్లో ఇది తప్పనిసరి.

ఎనిమిదో మెట్టు: ఎక్కడ, ఎలా కొనాలి

గన్ షోలలో చేత్తో పట్టుకుని చూడవచ్చు. ఒక్లహోమాలోని తల్సాలో ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ నవంబర్‌లోనూ జరిగే వానెన్‌మాకర్ షో చాలా పెద్దది. పాత సైనిక తుపాకుల బల్లలే ఒక పూటంతా చూడవచ్చు. మొదటిసారి వెళ్ళినప్పుడు డబ్బు ఇంట్లో పెట్టి వెళ్ళండి. ఇరవై రైఫిళ్ళ ఎడమ గోడలు చూసి రండి. కన్ను అలవాటు పడ్డాక రెండోసారి కొనవచ్చు.

వేలం సంస్థల్లో వర్ణన శ్రద్ధగా రాస్తారు, కానీ కొనుగోలుదారు చెల్లించే అదనపు శాతం ఉంటుంది. అది కలుపుకుని మీ గరిష్ఠ ధర ముందే రాసి పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే చేతికొచ్చాక మూడు రోజుల్లో వెనక్కి ఇచ్చే వీలు ఉందా అని ముందే రాతపూర్వకంగా అడగండి. "తాతగారు యుద్ధం నుంచి తెచ్చారు" అన్న మాటకి కాగితం లేకపోతే విలువ సున్నా. కాగితం ఉంటే నంబరు సరిపోల్చండి.

బేరంలో నాది ఒకటే పద్ధతి. నేను చూసిన లోపాల్ని ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తాను. నచ్చిన దాన్ని గురించి మాట్లాడను. సరుకు తెలిసినవాడు లోపాల్ని ఒప్పుకుంటాడు, అలాంటివాడి దగ్గరే మళ్ళీ మళ్ళీ కొంటాను.

తొమ్మిదో మెట్టు: శుభ్రం చేయడం, దాచుకోవడం

గోదాము నుంచి వచ్చిన రైఫిల్ మీద గోధుమ రంగు గ్రీజు గడ్డకట్టి ఉంటుంది. లోహ భాగాల్ని మినరల్ స్పిరిట్స్‌లో (పెయింటు పలుచన చేసే ద్రవంలో) గుడ్డ ముంచి తుడవండి, గాలి ఆడే చోట, నిప్పుకి దూరంగా. చెక్కలోకి దిగిన గ్రీజు ఎండకి కరిగి పైకి వస్తుంది. పాత గుడ్డ చుట్టి ఎండలో పెట్టి, చెమర్చినప్పుడల్లా తుడుస్తూ రెండు మూడు రోజులు ఓపిక పట్టండి. ఉప్పు కాగితం మాత్రం పెట్టకండి. లక్కా, దాని కింద ఉన్న డిపో ముద్రలూ ఒకసారి పోతే తిరిగి రావు. కొత్త వార్నిష్ పూసిన రైఫిల్‌ని చూస్తే నాకు ఒక పాత తాళపత్రాన్ని సబ్బుతో కడిగేసినట్టు ఉంటుంది.

పాత సైనిక తూటాలు కాలిస్తే ఇంకో పని ఉంది. వాటి ప్రైమర్లలో (తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ళల్లో) ఉన్న రసాయనం పేలాక బ్యారెల్ లోపల ఉప్పు మిగులుస్తుంది. విశాఖ బీచ్ రోడ్డు పక్క ఇళ్ళ కిటికీ ఊచలు ఎలా తుప్పు పడతాయో తెలుసు కదా, అదే ఇక్కడా జరుగుతుంది, ఇంకా త్వరగా. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. కాబట్టి కాల్చిన రోజే బ్యారెల్‌లోనుంచి వేడినీళ్ళు పోసి, బోల్టు ముఖం కూడా కడిగి, పొడిగా తుడిచి, ఆ తరువాతే నూనె పట్టించాలి. రేపు చూద్దాం అనుకున్నవాళ్ళ బ్యారెళ్ళు ఎర్రబడటం చూశాను. ఈ బెడద వద్దనుకుంటే సెర్బియా, చెక్ కంపెనీలు చేసే కొత్త తూటాలు వాడండి.

సేఫులో తేమ పీల్చే పొట్లాలు పెట్టండి. గుడ్డ కవరులో ఉంచి దాచకండి, గుడ్డ తేమని పట్టి ఉంచుతుంది. స్కోపుని మాటిమాటికీ విప్పకండి, విప్పిన ప్రతిసారీ గురి మళ్ళీ సరిచూసుకోవాలి.

పదో మెట్టు: కాగితం

ప్రతి రైఫిల్‌కీ ఒక దస్త్రం పెట్టండి. కొన్న రసీదు, అన్ని ముద్రల ఫోటోలు, ఎడమ గోడ లోపలా బయటా ఫోటోలు, మీరు గమనించిన లోపాలు. మీకేమైనా అయితే ఇంట్లోవాళ్ళు ఏమీ తెలియక వంద డాలర్లకి ఇచ్చేయకుండా, ఎవరిని అడగాలో కూడా అందులో రాయండి. వారసుల్లో ఎవరైనా వీసా మీద ఉంటే వాళ్ళు దాన్ని ఉంచుకోలేరు కాబట్టి ఎవరికి చేరాలో ముందే లాయరుతో రాయించండి.

ఇండియా తిరిగి వెళ్ళిపోవాలనుకుంటే సామాను ప్యాకింగ్‌కి ఆరు నెలల ముందే అమ్మకం మొదలుపెట్టండి. తొందరలో అమ్మితే సగం ధరే వస్తుంది. కంటైనరులో పెట్టి పంపడం రెండు దేశాల్లోనూ నేరం.

నా 1938 రైఫిల్ ఇంకా నా దగ్గరే ఉంది. దాని లోపలి గోడ ఫోటో, 1943 ఇజెవ్స్క్ గోడ ఫోటో పక్కపక్కన అచ్చు వేసి సేఫు తలుపు లోపల అంటించాను. ఎవరైనా కొనబోయే రైఫిల్ ఫోటోలు పంపి ఎలా ఉందని అడిగితే, ముందు ఆ రెండు బొమ్మలే వాళ్ళకి పంపుతాను.